వస్తువుతోపాటు పేరునూ దాచుకుందాం

ఇంట్లో తాతల నాటి వస్తువు ఒకటి ఎంచుకుని దాని గురించి పది వాక్యాలు రాసుకురమ్మని మా ఏడో తరగతి పిల్లలకు చెప్పాం. ఒక అమ్మాయి ‘పెద్ద చెక్క పెట్టె’ అని రాసి ఆపేసింది. దాన్ని భోషాణం అంటారని ఆమెకు తెలియదు. నాయనమ్మను అడిగి, అది ఎవరి పెళ్లికి చేయించారో కూడా మర్నాడు రాసుకొచ్చింది. వస్తువుల జాబితా అంటే ఇదే.

హైదరాబాద్‌లో ఇదే పని పెద్ద ఎత్తున జరిగింది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో కన్నుమూశారు. ఆయనకు సంతానం లేదు. దివాన్ దేవిడీ నిండా చిత్రాలు, గడియారాలు, పింగాణీ, చేతిరాత పుస్తకాలు మిగిలాయి. ఎస్టేటు బాధ్యత ఒక కమిటీ చూసింది. 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా ఆ భవనమే మ్యూజియంగా తెరుచుకుంది. 1961లో పార్లమెంటు చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థను చేసింది. 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారింది. అక్కడి దంతపు కుర్చీలు ఫ్రాన్సు రాజు 16వ లూయీ టిప్పు సుల్తానుకు పంపినవని చెబుతారు. ఆ సంగతి రాసిపెట్టకపోతే అవి ఉత్త పాత కుర్చీలే.

1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న మన యానాంలోనూ పాత ఇళ్లున్నాయి. 1996 తుపాను, 2022 గోదావరి వరద వంటివి వచ్చినప్పుడల్లా తడిసిన సామాను పాత సామాన్లవాడి బండెక్కుతుంది. తడిసిన చెక్కను ఎండలో పెడితే పగులుతుంది. నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. ఒకదానికొకటి అంటుకున్న ఫొటోలను బలవంతంగా లాగకూడదు.

జాబితాకు ఒక నోటుపుస్తకం చాలు. వస్తువుకో సంఖ్య ఇవ్వండి. పేరు, దేనితో చేశారు, పొడవు వెడల్పులు, ఎవరి నుంచి వచ్చింది, ఎక్కడ దెబ్బతింది అన్నవి రాయండి. ఫోనుతో ముందు, వెనుక ఫొటో తీయండి. సంఖ్యను వస్తువు మీద చెక్కవద్దు. చీటీ రాసి దారంతో కట్టండి. నోటుపుస్తకం నకలు మరో ఇంట్లో ఉంచండి.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగువాళ్లం కొద్దిమందిమి. పందిరిమంచం, గంగాళం, కావడిపెట్టె, పడక్కుర్చీ లాంటి మాటలు పిల్లలకు బడిలో కన్నా ఇంట్లోనే ఎక్కువ దొరుకుతాయి. ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే అడగాలి. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఈ ఆదివారం పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో, తాతయ్య దగ్గరో కూర్చోబెట్టి, ఒక్క వస్తువు గురించి రాయించండి. సోమవారం ఆ కాగితం బడికి పంపండి. మిగతాది మేం చూసుకుంటాం.