నోటికీ ఒక స్టార్టర్ కావాలి

రెండో సంవత్సరం మెషీన్స్ ల్యాబ్ పరీక్ష. ప్రయోగం బాగానే చేశాను. రీడింగులు సరిగ్గా వచ్చాయి, గ్రాఫు కుదిరింది. ఇక మిగిలింది వైవా. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు రికార్డు తిరగేస్తూ, "వై డు వుయ్ నీడ్ ఎ స్టార్టర్ ఫర్ ఎ డీసీ మోటార్?" అని అడిగారు.

నాకు జవాబు తెలుసు. మొదట్లో మోటారు తిరగదు కాబట్టి బ్యాక్ ఇ.ఎం.ఎఫ్. ఉండదు. ఆర్మేచర్ రెసిస్టెన్సు చాలా తక్కువ. అది అర ఓమ్ అనుకుంటే 220 వోల్టుల సప్లయికి 440 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. వైండింగు మాడిపోతుంది. ఇదంతా బుర్రలో ఉంది. నోట్లోంచి మాత్రం "సర్... మోటార్... స్టార్టింగ్..." అన్న మూడు ముక్కలే వచ్చాయి. ఆయన కాసేపు చూసి, "ఓకే, యు కెన్ గో" అన్నారు.

వరండాలోకొచ్చి నా తర్వాతి నంబరు మిత్రుడికి ఆ జవాబంతా తెలుగులో గడగడా చెప్పేశాను. వాడు లోపలికెళ్లి నేను చెప్పిందే ఇంగ్లీషులో చెప్పి, నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు!

మిత్రులారా! నాలా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి వచ్చిన వాళ్లు మన కాలేజీలో ఎంతమంది లేరు? తెలియనివాడూ, తెలిసీ చెప్పలేనివాడూ వైవా బల్ల ముందు ఒక్కటే అయిపోతున్నారు. రేపు ఇంటర్వ్యూలోనూ అంతే. ఆ రోజునుంచీ నన్నొక ప్రశ్న వెంటాడింది. ఇంగ్లీషు పుస్తకం చదివితే అర్థమవుతుంది కదా, మాట్లాడేసరికి నోరెందుకు పడిపోతుంది?

మొదటి కారణం, మనం ఇంగ్లీషును కంటితో నేర్చుకున్నాం, చెవితోనూ నోటితోనూ కాదు. బళ్లో మాస్టారు పాఠం చదివి తెలుగులో అర్థం చెప్పేవారు. మనం ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టేవాళ్లం. ఇక్కడికొచ్చాక రికార్డులో "ద కనెక్షన్స్ ఆర్ మేడ్ యాజ్ పర్ ద సర్క్యూట్ డయాగ్రమ్" అని సీనియర్ల రికార్డు చూసి దించుతాం. ఎవరు మేడ్? నువ్వేగా! "ఐ కనెక్టెడ్ ద అమ్మీటర్ ఇన్ సిరీస్" అని ఒక్కసారైనా నోటితో అన్నామా? గట్టున కూర్చుని ఈత నేర్చుకున్న వాళ్లం మనం.

రెండో కారణం ఇంకా లోతైనది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. "తిరగదు కాబట్టి ఉండదు" అని మనం ముందు కారణం, తర్వాత ఫలితం చెబుతాం. లేదు, కాదు అన్న మాట కూడా చివరే. అదే సంగతి ఇంగ్లీషులో అయితే సాధారణంగా "దేర్ ఈజ్ నో బ్యాక్ ఇ.ఎం.ఎఫ్. ఎట్ ద స్టార్ట్, బికాజ్ ద మోటార్ ఈజ్ నాట్ రొటేటింగ్" అంటారు. ఫలితం ముందు, కారణం వెనక. లేదన్న మాట మొదట్లోనే. అంటే తెలుగులో ఆలోచించి తర్జుమా చేసేవాడు తన వాక్యం చివరికంటా వెళ్లి, అక్కణ్ణుంచి వెనక్కి రావాలి. ఈలోగా ఎగ్జామినర్ గారు తర్వాతి నంబరు పిలుస్తారు! కాబట్టి ఆ తడబాటు తెలివితక్కువతనం కాదు, దారి తిరగేసి నడవడంలో వచ్చే ఆలస్యం.

మూడోది ఉచ్చారణ. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది. అందుకే మనకి బస్ బస్సు, రోడ్ రోడ్డు అయ్యాయి. ఇంగ్లీషులో మాటకొక ఊనిక ఉంటుంది. ఫోటోగ్రాఫ్‌లో అది మొదటి అక్షరం మీద, ఫొటోగ్రాఫర్‌లో రెండో దానిమీద, ఫోటోగ్రాఫిక్‌లో మూడో దానిమీద పడుతుంది. మనం అన్నిటినీ సమానంగా నొక్కుతాం. దీనికి మరీ బెంగ అక్కర్లేదు. తెలుగు యాస ఉండటం నేరం కాదు. ఎదుటివాడికి అర్థమైతే చాలు.

మరి మందేమిటి? నా జవాబు నన్ను ముంచిన ప్రశ్నలోనే దొరికింది. త్రీ పాయింట్ స్టార్టర్ ఏం చేస్తుంది? మొదట రెసిస్టెన్సు అంతా సర్క్యూట్లో పెడుతుంది. మోటారు వేగం అందుకున్నకొద్దీ హ్యాండిల్‌ని ఒక్కొక్క స్టడ్ మీదికి జరుపుతూ రెసిస్టెన్సు తీసేస్తాం. ఒక్కసారిగా లాగేస్తే కరెంటు ఎగబాకుతుంది. మధ్యలో చెయ్యి వదిలేస్తే స్ప్రింగు మళ్లీ మొదటికే లాక్కుపోతుంది. ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు అనేవి హ్యాండిల్‌ని ఒక్కసారిగా లాగడం. పదిరోజులు చేసి మానెయ్యడం చెయ్యి వదిలెయ్యడం.

నేను పెట్టుకున్న స్టడ్లు ఇవి. ఒకటి, రోజూ పది నిమిషాలు మన సబ్జెక్టు పుస్తకమే పైకి చదవడం. విషయం ముందే తెలుసు గనుక మనసంతా మాట మీద పెట్టొచ్చు. రెండు, ఆవేళ చేసిన ప్రయోగాన్ని "ఐ" తో మొదలుపెట్టి అయిదు వాక్యాల్లో చెప్పి, ఫోనులో రికార్డు చేసుకుని వినడం. మొదటిరోజు నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. మూడు, ఒక్క స్నేహితుడికి చెప్పడం. మధ్యలో ఆపకూడదు, నవ్వకూడదు, చివర్లో మూడు తప్పులే చెప్పాలి. నాలుగు, క్లాసులో వారానికొక ప్రశ్న లేచి అడగడం. వీటితోపాటు ఒక వాక్యం ఎప్పుడూ జేబులో ఉండాలి: "కుడ్ యు ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్, సర్?" అడిగితే పరువు పోదు, అడగకపోతే మార్కులు పోతాయి.

పెద్దయ్యాక భాష రాదనేవాళ్లకు ఇద్దరి పేర్లు చెబుతాను. 1817లో మద్రాసు వచ్చిన సి.పి. బ్రౌన్‌కు తెలుగు తల్లి భాష కాదు. ఉద్యోగంలోకి వచ్చాకే నేర్చుకుని, మనకే నిఘంటువు కూర్చిపెట్టాడు. పర్లాకిమిడిలో మేష్టరీ చేస్తున్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలతో మాట్లాడి మాట్లాడి వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో దాని వ్యాకరణం ఇంగ్లీషులో వెలువరించారు. ఇద్దరూ పలుకుతున్న నోళ్ల దగ్గరికి వెళ్లి నేర్చుకున్నవాళ్లే.

ఇదంతా తెలుగును చిన్నచూపు చూడమని కాదు. 2021లో తెలుగులో కూడా ఇంజనీరింగ్ చెప్పడానికి ఎ.ఐ.సి.టి.ఇ. అనుమతించింది, మంచిదే. కానీ పై చదువుల పుస్తకాలు, యంత్రాల మాన్యువళ్లు, పొరుగు రాష్ట్రంలో ఉద్యోగం మనకోసం ఆగవు. లెక్చరర్లకు ఒక్క మనవి. జవాబు తెలుగులో వస్తే ముందు విషయం వినండి, తర్వాత "ఇప్పుడిదే ఇంగ్లీషులో చెప్పవోయ్" అనండి. ఆ ఒక్క అవకాశం ఆనాడు నాకు దొరికి ఉంటే రెండు వాక్యాలైనా చెప్పేవాణ్ణి.

నాకు ఇంగ్లీషు వచ్చేసిందని ఈ వ్యాసం రాయడం లేదు. మొన్న ప్రాజెక్టు సెమినార్లో పన్నెండు నిమిషాలు మాట్లాడాను. రెండుచోట్ల ఆగిపోయాను, ఒకచోట "హి" అనబోయి "షి" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, మళ్లీ మొదలుపెట్టాను. హ్యాండిల్ ఇంకా చివరి స్టడ్‌కు చేరలేదు. కానీ వదల్లేదు.

రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ మేడమీద నలుగురం అరగంట కూర్చుంటున్నాం. జూనియర్లు ఎవరైనా రావచ్చు. రండి. మేం నవ్వం.