తొలగింపు ఉపకరణమునకు వివరణము

1998వ సంవత్సరమున పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ నిర్మాణమున నుండగా, ఎవరో యిచ్చిన యొక చిన్న తొలగింపు యాజ్ఞవలన ఆ చిత్రములోని ముఖ్యపాత్ర వుడీ టోపీ, పిదప బూట్లు, పిదప వుడీయే తెరమీదినుండి మాయమయ్యెను. భద్రపఱచిన ప్రతియు పనికిరాక, సాంకేతిక దర్శకురాలు గేలిన్ సస్మన్ యింటి కంప్యూటరులోని ప్రతియే యా చిత్రమును కాపాడెను.

నేడు వీడియో ప్రాజెక్టుల నిర్వహణము ఏఐ ఏజెంట్లకు అప్పగింపబడుచున్న వేళ, అట్టి యాజ్ఞ యంత్రము చేతికి వచ్చినది. తాను వాడు ఉపకరణమును గూర్చి యంత్రమునకు ముఖ్యాధారము దాని ప్రక్కన వ్రాసిన వివరణమే. “ప్రాజెక్టును తొలగించును” అని మాత్రము వ్రాసి యూరకుండుట నా దృష్టిలో అపరాధమే. తొలగించినది చెత్తబుట్టలో నిలుచునా, శాశ్వతముగా నశించునా? ప్రాజెక్టుతోపాటు మూలదృశ్యములును పోవునా? పేరు చాలునా, గుర్తింపు సంఖ్య కావలెనా? ఇవి యన్నియు వ్రాయవలెను.

ఏఐ ఏజెంట్లను ఉపకరణములతో కలుపుటకై 2024 నవంబరులో ఏఐ సంస్థయైన ఆంత్రోపిక్ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో తరువాత చేరిన ‘డిస్ట్రక్టివ్ హింట్’ అను సూచిక మిక్కిలి వివేకవంతమైనది: మార్పులు చేయగల ఉపకరణమును గూర్చి కర్త యేమియు చెప్పనిచో, అది వినాశకరము కావచ్చుననియే భావింపబడును. అయినను అది సూచనయే గాని కట్టడి కాదు. కావున ప్రాజెక్టు పేరు చూపి యజమాని సమ్మతి పొందుమని వివరణలో వ్రాయుటతోపాటు, ఆ సమ్మతి లేనిదే తెఱచుకొనని తాళము ఉపకరణము నడచు సర్వరులోనే యుండవలెను.