ఉప్పునీటి తొట్టిలో తెల్లమచ్చల తెగులు

తణుకు, ఉండి, భీమవరం ప్రాంతాల చేపల రైతుకు పేనును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. శీలావతి చేప ఒడలిని అంటిపట్టుకొని రక్తం పీల్చే ఈ పలుచని చిన్న జీవిని శాస్త్రజ్ఞులు ఆర్గులస్ అంటారు. అది గుడ్లు పెట్టేది చేప మీద కాదు. చేపను విడిచిపోయి, నీటిలోని రాళ్లకూ కర్రలకూ వరుసలుగా అతికిస్తుంది. అందుచేతనే తెలిసిన రైతు చెరువులో వెదురు బొంగులు పాతి, కొన్నాళ్లకు వాటిని పైకి తీసి ఎండబెడతాడు. గుడ్లు ఎండి నశిస్తవి.

ఇంటిలో గాజుతొట్టి పెట్టి, అందులో ఉప్పునీరు నింపి, రంగురంగుల సముద్రపు చేపలను పెంచేవారికి కూడా ఈ రైతు ఉపాయంలో నేర్చుకొనదగినది ఉన్నది. వారి చేపలను పీడించే జీవి వేరు. దాని నడవడి మాత్రం ఇంచుమించు ఇదే.

కొత్తగా తెచ్చిన చేప రాళ్లకు ఒళ్లు రాచుకుంటుంది. మరునాటికి రెక్కల మీద ఉప్పురవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపిస్తవి. దీనికి కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. జపానులో సికామా అనే శాస్త్రజ్ఞుడు 1937లో దీనిని వర్ణించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు 1951లో వచ్చినది. ఇది చేప చర్మపు పైపొర క్రింద దూరి, మూడు మొదలు ఏడు రోజులు మేసి, బలిసి రాలిపోతుంది. రాలి, ఇసుకకో రాతికో అంటుకొని, తన చుట్టూ గట్టి కోశం కట్టుకుంటుంది. ఆ కోశంలో రెండు మూడు వందల పిల్లలు తయారై, బయటపడి చేపను వెదుక్కుంటూ ఈదుతవి. ఒకటి రెండు రోజులలో చేప దొరకకపోతే చస్తవి.

చిక్కంతా ఇక్కడనే ఉన్నది. నాలుగైదు రోజులకు చుక్కలు వాటంతట అవే మాయమవుతవి. యజమాని సంతోషిస్తాడు; ముందునాడు పోసిన మందుసీసాకు కీర్తి దక్కుతుంది. నిజానికి తెగులు పోలేదు, అడుగున ఇసుకలో కాపురం పెట్టినది. వారం పది రోజులకు మరల లేచినప్పుడు చుక్కలు పదులలో కాక వందలలో ఉంటవి. మొప్పలు నిండి చేప ఊపిరాడక చస్తుంది.

సముద్రంలో చేపలకు పరాన్నజీవులు లేవని కాదు. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖకు అధిపతిగా ఉన్న పి. ఎన్. గణపతిగారు, ఒటోలిథస్ జాతి చేపల గుండెను ఆనుకొని ఉండే ఒక పరాన్నజీవిని గూర్చి 1941లోనే ప్రచురించారు. కాని సముద్రం విశాలం. కోశం వెడలిన పిల్లలలో చేపను చేరగలిగేవి ఏ కొద్దియో. వంద లీటర్ల తొట్టిలో చేప పారిపోవడానికి చోటేది? పైగా మన వేసవి వేడికి ఈ జీవచక్రం మరింత వేగంగా తిరుగుతుంది.

కాబట్టి చేపలన్నిటినీ, చుక్కలు లేనివాటిని కూడా, వేరొక చిన్న తొట్టిలోనికి మార్చవలెను. పెద్దతొట్టిని 76 రోజులు చేప లేకుండా ఉంచవలెను. కోశాలు మూడు రోజులు మొదలు 72 రోజుల వరకు ఎప్పుడైనా పగలవచ్చునని గమనించినందువల్ల ఈ లెక్క ఏర్పడినది. పగడాలు, రొయ్యలు, నత్తలు అక్కడనే ఉండవచ్చు. వాటిని ఈ జీవి ముట్టదు.

చిన్నతొట్టిలోని చేపకు రాగి చికిత్స పాతది, పనిచేసేది. లీటరు నీటికి 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల రాగి, మూడు వారాలు. పొలాలలో వాడే మైలుతుత్తం ఇంటిలో ఉన్నది గదా అని చిటికెడు వేసేవారికి ఒక లెక్క చెప్పవలసి ఉన్నది. మైలుతుత్తంలో సుమారు నాలుగవవంతు రాగి. ఒక్క గ్రాము వంద లీటర్లలో కలిపితే, ఉండవలసినదానికి పన్నెండు రెట్లకు పైగా అవుతుంది. తెగులుతోపాటు చేప కూడా పోతుంది. రాగిని కొలిచే పరీక్ష సామగ్రి లేనిదే ఈ చికిత్సకు పూనుకొనరాదు. పగడాలున్న తొట్టిలో రాగి అసలే వేయరాదు. అది రొయ్యలకూ పగడాలకూ విషం, సున్నపురాయికి అంటుకొని కొలతకు అందదు కూడా.

రెండవ మార్గం ఉప్పు తగ్గించడం. లీటరుకు 35 గ్రాములున్న ఉప్పును రెండు రోజులలో 15కు దించి, చుక్కలు పోయిన తరువాత కూడా మూడు నాలుగు వారాలు అట్లే ఉంచి, నెమ్మదిగా పెంచవలెను. తక్కువ ఉప్పును ఓర్చుకొనే రకాలు కొన్ని ఉన్నవి కనుక ఇది తప్పక ఫలిస్తుందని చెప్పజాలము.

నాకు నచ్చినది మూడవది. మూడు రోజులకొకసారి చేపను కడిగి ఎండబెట్టిన మరొక తొట్టిలోనికి, కొత్త ఉప్పునీటిలోనికి మార్చడం, ఇట్లు నాలుగు సార్లు. కోశాలు పగలకముందే చేప వాటిని వెనుక విడిచి పోతుంది. మందు లేదు, శ్రమ మాత్రమే. వెదురు బొంగు తీసి ఎండబెట్టే రైతు చేసేది ఇదే గదా!

చుక్కలు కాక బంగారు పొడి చల్లినట్లుండి, చేప వేగంగా ఊపిరి తీస్తుంటే అది ఆమిలూడినియం. ఒకటి రెండు రోజులలోనే ప్రాణం తీయవచ్చు. దానికి ఉప్పు తగ్గించి లాభం లేదు, రాగియే. కన్ను మసకబారితే నియోబెనెడీనియా అనే చదును పురుగును అనుమానించవలెను. అది గాజువలె ఉండి కనిపించదు. చేపను అయిదు నిమిషాలు మంచినీటిలో ఉంచితే తెల్లబడి రాలిపడుతుంది. దానికి ప్రాజిక్వాంటెల్ మందు. గుడ్లు మందుకు చావవు కనుక మరల వేయవలెను.

ఇంత తంటా లేకుండా ఉండవలెనంటే కొత్త చేపను నెల రోజులు వేరుగా ఉంచి చూడవలెను. దానికి వల వేరు, గొట్టం వేరు. పేరుపాలెం, అంతర్వేది తీరాల నుండి నీరు తెచ్చేవారు వరదల కాలంలో ఉప్పు కొలవక వాడరాదు. గోదావరి నీరు అందులో ఎంత కలిసినదో కంటికి తెలియదు. చికిత్స ముగిసిన తరువాత రాగి కలిసిన ఉప్పునీటిని పంటకాలువలో గాని, చేపల చెరువులో గాని పారబోయరాదు.