సింగరేణి గేటు ఒక్కటే కాదు: ఉత్తర తెలంగాణలో అప్రెంటిస్‌షిప్ వెతుక్కునే దారి

ఐటీఐలో నేర్చుకున్న పనిని నడుస్తున్న యంత్రాల మీద, అనుభవజ్ఞులైన కార్మికుల పక్కన ఉండి చేసి నేర్చుకునే చట్టబద్ధమైన శిక్షణే అప్రెంటిస్‌షిప్. ఉత్తర తెలంగాణలో దీనికి ఉన్నన్ని అవకాశాలు హైదరాబాద్‌ను పక్కనపెడితే రాష్ట్రంలో మరెక్కడా అంతగా కనిపించవు. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి బొగ్గుగనులు, రామగుండంలోని ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం, జైపూర్‌లోని సింగరేణి విద్యుత్ కేంద్రం, కాగజ్‌నగర్ పేపర్ మిల్లు, పలు పట్టణాల్లో ఆర్టీసీ డిపోలు, ఇవన్నీ వంద, నూటయాభై కిలోమీటర్ల లోపే ఉన్నాయి. అయినా ఈ జిల్లాల ఐటీఐ విద్యార్థుల్లో చాలామంది చూపు సింగరేణి మీదే ఉంటుంది. అది నోటిఫికేషన్ వేసేదాకా ఎదురుచూస్తూ, మిగతా తలుపులు తట్టకుండానే విలువైన సంవత్సరాలు పోగొట్టుకునేవారు తక్కువేమీ కాదు.

ఈ శిక్షణకు ఆధారం 1961లో పార్లమెంటు చేసిన అప్రెంటిస్ చట్టం. మొదట ఐటీఐ స్థాయి ట్రేడులకే పరిమితమైన ఈ చట్టంలోకి 1973 సవరణతో ఇంజినీరింగ్ పట్టభద్రులు, డిప్లొమా చదివినవారు, 1986 సవరణతో ఇంటర్ వొకేషనల్ పూర్తిచేసినవారు వచ్చారు. 2014 సవరణ పరిశ్రమలు తమకు కావలసిన కొత్త ట్రేడులను సొంతంగా రూపొందించుకునే వీలు కల్పించింది. 2019లో మారిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలన్నీ తమ సిబ్బంది సంఖ్యలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. కాంట్రాక్టు కార్మికులు కూడా ఈ లెక్కలోకి వస్తారు. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్న చిన్న సంస్థలు ఇష్టముంటే తీసుకోవచ్చు. అంటే కరీంనగర్‌లోని పెద్ద ఆసుపత్రికి, వాహనాల షోరూముకు, గ్రానైట్ పరిశ్రమకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. ఈ సంగతి తెలియకపోవడం వల్లే చాలామంది అక్కడికి వెళ్లి అడగరు.

పదో తరగతి మాత్రమే చదివినవారు కూడా కొన్ని ట్రేడుల్లో చేరవచ్చు. వాళ్లకు ముందు ప్రాథమిక శిక్షణ ఇచ్చి, ఆ తర్వాతే పనిలోకి దింపుతారు. ఐటీఐ పాసైనవారికి ఆ దశ అవసరం లేదు. రెండేళ్ల ఫిట్టర్ లేదా ఎలక్ట్రీషియన్ కోర్సు చదివినవారికి సాధారణంగా ఏడాది శిక్షణ సరిపోతుంది. కనీస వయసు 14 ఏళ్లు. ప్రమాదకర పరిశ్రమలకు సంబంధించిన ట్రేడుల్లో మాత్రం 18 నిండాలి.

వెతకడం మొదలయ్యేది కేంద్ర ప్రభుత్వం నడిపే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో. అక్కడ పేరు నమోదు చేసుకుంటే ఒక రిజిస్ట్రేషన్ నంబర్ వస్తుంది. ఆ తర్వాత ఏ సంస్థకు దరఖాస్తు చేసినా ముందు అడిగేది ఆ నంబరే. నమోదుకు రుసుము లేదు. డబ్బిస్తే సీటు ఖాయం చేయిస్తామని తిరిగే దళారుల మాట నమ్మవలసిన అవసరం ఏ దశలోనూ లేదు. పోర్టల్‌లో ఇచ్చే పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, ఐటీఐ సర్టిఫికెట్‌లో ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉన్నందుకే ధ్రువపత్రాల పరిశీలనలో ఆగిపోయే దరఖాస్తులు ఉంటాయి. ఆ తేడా ఉంటే నోటిఫికేషన్ వచ్చాక కాదు, కోర్సు చివరి సంవత్సరంలోనే సరిచేయించుకోవాలి. ఇంజినీరింగ్, డిప్లొమా వాళ్ల దారి వేరు. వారు నాట్స్ అనే మరో పోర్టల్‌లో నమోదు కావాలి. దక్షిణాది రాష్ట్రాల వరకు దాని వ్యవహారాలు చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది.

1920 డిసెంబరు 23న కంపెనీగా ఏర్పడిన సింగరేణిలో ఇప్పుడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, టర్నర్, మెషినిస్ట్, మోటార్ మెకానిక్, డీజిల్ మెకానిక్ వంటి ట్రేడుల్లో ఈ సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. కేంద్ర పోర్టల్‌తో పాటు కంపెనీ వెబ్‌సైట్‌లోనూ నమోదై, కాగితాల ప్రతులను ఏరియాలోని గనుల వృత్తి శిక్షణ కేంద్రంలో ఇవ్వడం ఇక్కడి పద్ధతి. అందరూ ఎంవీటీసీ అని పిలిచేది దాన్నే. ఎంపికకు రాత పరీక్ష ఉండదు. ఐటీఐ ముందు పాసైనవారికి ముందు అవకాశం ఇచ్చే సీనియారిటీ లెక్క ఉంటుంది. ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాల వారిని స్థానికులుగా గుర్తిస్తారు. కాబట్టి స్థానికతకు రుజువుగా బడి నుంచి తెచ్చుకున్న స్టడీ సర్టిఫికెట్లు భద్రంగా ఉంచుకోవాలి.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. దక్షిణ మధ్య రైల్వే తన అప్రెంటిస్‌లను పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటు చూసి ఎంపిక చేస్తుంది. ఉత్తర తెలంగాణ వారికి అందుబాటులో ఉండే కాజీపేట రైల్వే యూనిట్లు కూడా ఆ నోటిఫికేషన్లలోకే వస్తాయి. ఐటీఐ ఈ ఏడాదే పాసై, మార్కులు బాగా వచ్చిన విద్యార్థి సింగరేణి సీనియారిటీ జాబితాలో అడుగున ఉంటాడు, రైల్వే జాబితాలో పైన ఉండే వీలుంది. కొన్నేళ్ల కింద సాధారణ మార్కులతో పాసైనవారి పరిస్థితి దీనికి సరిగ్గా తిరగబడుతుంది. ఎవరి బలం ఎక్కడ పనికొస్తుందో చూసుకుని రెండు చోట్లా దరఖాస్తు చేయడం మంచిది. ఎన్టీపీసీ, ఆర్టీసీ నోటిఫికేషన్లనూ ఇలాగే చదవాలి. 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో వచ్చి, 2021లో యూరియా ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం ఫెర్టిలైజర్స్ సంగతీ అంతే. 2022 నుంచి నెలనెలా ఐటీఐల్లో జరుగుతున్న జాతీయ అప్రెంటిస్‌షిప్ మేళాలకు ప్రైవేటు సంస్థలు కూడా వస్తాయి. ధ్రువపత్రాలు తీసుకుని అక్కడికి వెళితే ఒకే రోజు పలు సంస్థలతో మాట్లాడే వీలుంటుంది.

ఎంపికయ్యాక ఆత్రంగా చేరిపోకుండా ముందు ఒప్పందం చదవాలి. అప్రెంటిస్‌కూ సంస్థకూ మధ్య రాతపూర్వక ఒప్పందం కుదిరి, అది పోర్టల్‌లో నమోదైతేనే ఆ శిక్షణకు చట్టం గుర్తింపు ఉంటుంది. 18 ఏళ్లు నిండనివారి తరఫున తల్లిదండ్రులు లేదా సంరక్షకులు సంతకం చేస్తారు. ట్రేడు పేరు, కాలం, స్టయిపెండ్ అందులో స్పష్టంగా ఉండాలి. ఒప్పందం లేకుండా 'ముందు పనిలో చేరు, కాగితాలు తర్వాత చూద్దాం' అనే చోట ఏడాది కష్టపడినా చేతికి సర్టిఫికెట్ రాదు.

ఒకసారి అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవారిని, మరోచోట చేస్తున్నవారిని చాలా ప్రభుత్వరంగ సంస్థలు తమ నోటిఫికేషన్లలో అనర్హులుగా చూపుతాయి. అందుకే ఎక్కడ చేరాలన్నది తేలిగ్గా తీసుకోదగ్గ నిర్ణయం కాదు. సింగరేణి ఏరియా వర్క్‌షాప్‌లో భారీ యంత్రాలు విప్పి బిగించే ఫిట్టర్ నేర్చుకునేదీ, చిన్న షెడ్డులో ఒకే రకం పని చేసే ఫిట్టర్ నేర్చుకునేదీ ఒకటి కాదు. అలాగని మంచి చోటు కోసం మూడు నాలుగేళ్లు ఖాళీగా కూర్చుంటే చేతిలో ఉన్న పని కూడా మరుపున పడుతుంది.

2019 నిబంధనలు ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి నెలకు 7,000, డిప్లొమా వారికి 8,000, పట్టభద్రులకు 9,000 రూపాయల కనీస స్టయిపెండ్ నిర్ణయించాయి. ఐటీఐలో చదివిన కాలాన్ని లెక్కలోకి తీసుకోవడం వల్ల ఏడాది కోర్సు వారికి 7,700, రెండేళ్ల కోర్సు వారికి 8,050 రూపాయలు రావడం ప్రభుత్వరంగ సంస్థల్లో కనిపిస్తుంది. ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫారసు చేసింది. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టయిపెండ్‌లో నాలుగోవంతును, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. 2023 నుంచి ఆ వాటా నేరుగా అప్రెంటిస్ ఖాతాలో పడుతోంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతచేసి ఉండకపోతే ఆ సొమ్ము ఆగిపోతుంది.

చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడు. ప్రావిడెంట్ ఫండ్, బోనస్ వంటివి వర్తించవు. అయితే ప్రాణానికి, ఆరోగ్యానికి సంబంధించిన రక్షణ విషయంలో ఆ తేడా లేదు. ఫ్యాక్టరీలో శిక్షణ పొందేవారికి ఫ్యాక్టరీలకు సంబంధించిన ఆరోగ్య, భద్రత, సంక్షేమ నిబంధనలు, గనుల్లో ఉన్నవారికి గనులకు సంబంధించిన అలాంటి నిబంధనలు వర్తిస్తాయి. శిక్షణలో గాయపడితే చట్టం ప్రకారం నష్టపరిహారం రావాలి. బొగ్గు ప్రాంతంలో కొడుకును బాయి పనికి పంపే ప్రతి తల్లీతండ్రీ తెలుసుకుని తీరాల్సిన హక్కు ఇది. హెల్మెట్, బూట్లు ఇవ్వకుండా యంత్రం దగ్గరకు పంపితే అడగడం అప్రెంటిస్ హక్కు.

శిక్షణ చివర అఖిల భారత ట్రేడ్ టెస్ట్ ఉంటుంది. అందులో పాసైతేనే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఏడాదంతా పనిచేసి, ఈ పరీక్షను పట్టించుకోక వదిలేసేవారు కోల్పోయేది స్టయిపెండ్ కంటే చాలా పెద్దది. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యత సంస్థకు లేదు, ఇస్తే చేరాలన్న నిర్బంధం అప్రెంటిస్‌కూ లేదు. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1995 జనవరిలో కొంత ఊరటనిచ్చింది. ఇతర అర్హతలన్నీ సమానంగా ఉన్నప్పుడు శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని, అతని పేరు ఉపాధి కల్పన కార్యాలయం నుంచి రావలసిన పనిలేదని చెప్పింది. రైల్వే ఒక అడుగు ముందుకు వేసి, తన సంస్థల్లో అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసిన వారికి లెవెల్ వన్ పోస్టుల నియామకాల్లో 20 శాతం కేటాయిస్తోంది. వాటికి పోటీపడేవారు కూడా రాత పరీక్ష రాసి, కనీస మార్కులు తెచ్చుకోవాలి.