అంకె ఒకటే, అర్థం వేరు

మొన్న వేసవిలో మా పిన్ని కొడుక్కి కడుపునొప్పి వస్తే బరంపురంలో స్కానింగ్ తీయించాం. వాడికి ఆరేళ్ళు. రిపోర్టులో కుడి కిడ్నీ 7.6, ఎడమది 7.8 సెంటీమీటర్లు అని ఉంది. చదివి వినిపించగానే అమ్మమ్మ ఏడుపు మొదలెట్టింది. అమ్మమ్మది కవిటి వైపు, ఉద్దానం. మా పెద్దమామయ్య కిడ్నీలు కుంచించుకుపోయాయన్నప్పుడు కాగితం మీద ఉన్నదీ ఇంచుమించు ఇదే అంకె.

డాక్టరుగారు చూసి ఒడియాలో "ఠిక్ అఛి" అన్నారు. అది అమ్మమ్మకి తెలుగులో చెప్పాల్సింది నేను. ఎలా ఠిక్కో నాకే తెలియకపోతే ఏం చెప్పను? అందుకని కూర్చుని చదివాను.

పెద్దవాళ్ళ కిడ్నీ పొడవు సుమారు 9 నుంచి 12 సెంటీమీటర్లు. పుట్టిన బిడ్డకి నాలుగున్నర, అటూ ఇటూగా. మొదటి ఏడాది గబగబా పెరుగుతుంది, తర్వాత నెమ్మది. 1984లో అమెరికాలో రోజెన్‌బామ్ బృందం ఏడాది దాటిన పిల్లలకి ఒక లెక్క ఇచ్చింది: వయసుని 0.22తో గుణించి 6.79కి కలపాలి. మావాడికి 8.11 వచ్చింది. నా గుండె కూడా ఝల్లుమంది! కానీ అది సగటు మాత్రమే. ఏ జబ్బూ లేని పిల్లల్లోనే అటో సెంటీమీటరు, ఇటో సెంటీమీటరు తేడా ఉంటుంది. నూటికి 95 మంది ఏ హద్దుల మధ్య ఉంటారో దాన్నే మామూలు అంటారు.

పైగా కిడ్నీ వయసు కంటే ఎత్తుని ఎక్కువగా అనుసరిస్తుందని చాలాచోట్ల తేలింది. మావాడు క్లాసులో అందరికన్నా పొట్టి. డాక్టరుగారు ముందు వాణ్ణి గోడకి ఆనించి ఎత్తు ఎందుకు కొలిచారో అప్పుడు అర్థమైంది. ఇంకెక్కడో పిల్లల్ని కొలిచి వేసిన పట్టిక మన గంజాం పిల్లలకి అచ్చంగా సరిపోవాలని లేదు. ఇక్కడి ఆరోగ్యమైన పిల్లల్నే వందల్లో కొలవాలి. అల్ట్రాసౌండ్‌లో ఎక్స్‌రే కిరణాలుండవు, శబ్ద తరంగాలే కాబట్టి జబ్బులేని పిల్లల్నీ భయం లేకుండా కొలవచ్చు.

ఒక కిడ్నీ బాగా చిన్నదై రెండోది మరీ పెద్దదైతే అనుమానించాలి. సైజు బాగుంటే చాలనీ కాదు, జబ్బు మొదట్లో సైజు మామూలుగానే ఉండొచ్చు. మూత్రం, రక్తం, బీపీ కూడా చూడాలి. మావాడివి చూశారు, బాగున్నాయి.

"మామయ్యది పెరిగి తగ్గింది, వీడిది ఇంకా పెరుగుతోంది" అని అమ్మమ్మకి చెప్పాను.

"అయితే వచ్చే ఏడు కొలిస్తే తెలిసిపోతుందిగా?" అంది.

తెలియదు. ఈ వయసులో ఏడాదికి పెరిగేది రెండు మిల్లీమీటర్లు. ప్రోబ్ కాస్త వంపుగా పెడితే కొలతలోనే అంత తేడా వస్తుంది. రెండు మూడేళ్ళు ఆగాలన్నాను. అమ్మమ్మ ఆ రిపోర్టు మడిచి తన పెట్టెలో చీరల కింద పెట్టుకుంది, అప్పుడు పక్కన పెట్టి చూసుకోడానికి.