కాగితపు కప్పులోని కానరాని రేణువులు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని మన తెలుగువారి వివాహములందును సభలందును అతిథులకు కాగితపు కప్పులలో తేనీరు నందించుట నేడు వాడుకయైనది. కాగితమే గదా, ప్లాస్టిక్ కాదు గదా యని మన ధైర్యము. ఈ ధైర్యమెంతవఱకు నిజమో యింటనే పరీక్షింపవచ్చును. కప్పును నీటిలో ఒక రాత్రి నానవైచి, మఱునాడు కాగితమును వ్రేళ్లతో మెల్లగా నలిపి తీసివేసినచో, లోపలివైపు పొర పలుచగా మిగులును. అది సాధారణముగా పాలిథిలీన్ అను ప్లాస్టిక్. అది లేనిచో కాగితము ద్రవమును నిలుపజాలదు. తమిళనాడు ప్రభుత్వము 2019 జనవరి 1 నుండి నిషేధించిన వస్తువులలో ప్లాస్టిక్ పూతగల కాగితపు కప్పులును గలవు.

వేడి తగిలినప్పుడు ఈ పొరనుండి రేణువులు రాలును. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో వెల్లడించిన ఫలితముల ప్రకారము, 85 మొదలు 90 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల 100 మిల్లీలీటర్ల ద్రవము 15 నిమిషములు కప్పులో నున్నచో, సుమారు 25,000 సూక్ష్మరేణువులు అందు చేరును. వీనిని కొలుచు ప్రమాణము మైక్రాను. అది మిల్లీమీటరులో వేయవ వంతు.

ఇంత చిన్నవానిని లెక్కించుటెట్లు? మొదట కప్పులో పరిశుద్ధమైన వేడినీటిని పోసి, కొంతసేపు ఉంచి, అతిసూక్ష్మరంధ్రములుగల వడపోతపొరగుండ వడకట్టుదురు. ఆ పొరపై నైల్ రెడ్ అను రంగును వేసిన, అది ప్లాస్టిక్‌ను పట్టుకొని, నీలికాంతిలో మెఱయును. మెఱయు చుక్కలను సూక్ష్మదర్శినిలో లెక్కింతురు. అయితే ఈ రంగు క్రొవ్వునుగూడ పట్టును. కావున పాలు కలిపిన తేనీటికంటె శుద్ధజలమే పరీక్షకు అనుకూలము. గాలిలోని ధూళియు, దుస్తుల నూలుపోగులును లెక్కను తారుమారు చేయగలవు. అందుచే గాజుపాత్రతోను అదే పరీక్షను జరిపి, అందు కనబడిన సంఖ్యను తీసివేయుదురు.

మెఱసినదెల్ల ప్లాస్టిక్ కాదు. రేణువేదో నిర్ణయించుటకు రామన్ ఫలితము తోడ్పడును. రేణువుపై లేసర్ కాంతిని ప్రసరింపజేసినపుడు, చెదరిన కాంతిలో కొంత భాగము ఆ పదార్థమును బట్టి రంగు మారును. పాలిథిలీన్ గుర్తు వేఱు, కాగితపు నార గుర్తు వేఱు. ఈ విధమున ఒక మైక్రాను ప్రమాణముగల రేణువునుగూడ గుర్తింపవచ్చును. విశాఖపట్టణమున బాల్యవిద్య నభ్యసించిన చంద్రశేఖర వేంకట రామన్ ఈ ఫలితమును 1928లో కలకత్తాలో కనుగొని, 1933 నుండి మన హోసూరునకు పొరుగుననున్న బెంగుళూరులో పనిచేసెను. ఆయన శిష్యుడు, తెలుగువాడైన సూరి భగవంతము ఈ విషయముపై ప్రామాణిక గ్రంథమును రచించెను. కాగా, మైక్రానుకంటె చిన్న రేణువులకు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని మొదలగు సాధనములు వలయును.

రేణువులున్నవని తెలిసినంత మాత్రమున వ్యాధి వచ్చునని తేలినట్లు కాదు. త్రాగునీటిలోని యిట్టి రేణువులనుగూర్చి ఇంకను పరిశోధన కావలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో తెలిపెను. ఐనను, తప్పించుకొనుట సులభమైనచోట తప్పించుకొనుటయే వివేకము. స్టీలులోటాకు పూత అక్కరలేదు. కడిగిన మరల పనికివచ్చును. అడ్డాకు విస్తరియు మంచిదే. అయితే నేడు కొన్ని విస్తళ్లకు ప్లాస్టిక్ పొర నంటించుచున్నారు. కొనుటకు ముందు ఒకదానిని నానవైచి చూడుడు. మన పందిటిలో భుజించువారు మన అతిథులు. వారికి ఏమి వడ్డించుచున్నామో తెలిసికొనుట మన ధర్మము.