పొగ రంగు చూసి మోసపోవద్దు: ఇంటి వద్ద కోడి, పంది మాంసం పొగబెట్టే పద్ధతి

ఉప్పల్, నాచారం వైపు కాలనీలకు నేరుగా కోళ్లు, పంది మాంసం అమ్మే చిన్న రైతులు తరచూ అడిగే ప్రశ్న ఇది: "సార్, పచ్చి మాంసం బదులు బొగ్గుల స్మోకర్ మీద పొగబెట్టి అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి కదా, ఇంట్లో చేసుకోవచ్చా?" చేసుకోవచ్చు. అయితే పొగ ఇచ్చేది రుచి, రంగు మాత్రమే. మాంసంలోని సూక్ష్మజీవులను చంపేది వేడి.

ఈ సంగతి నాకూ అనుభవం మీదే తెలిసింది. నాచారంలో ఒక మిత్రుని డాబా మీద మొదటిసారి కోడిని పొగబెట్టాం. పైన చక్కటి గోధుమ రంగు వచ్చింది. తొడ కోసి చూస్తే ఎముక దగ్గర పచ్చిగా ఉంది. థర్మామీటర్ గుచ్చితే 58 డిగ్రీలే చూపింది. పిల్లలకు వడ్డించే ముందే చూశాం కాబట్టి సరిపోయింది.

మాంసం ఎంపిక

లేత కోడినే ఎంచుకోండి. ముదురు నాటుకోడి పొగలో గట్టిపడుతుంది, దాన్ని పులుసుకు ఉంచుకోండి. పంది మాంసంలో భుజం భాగం బాగుంటుంది. కండలో బియ్యపు గింజల్లాంటి తెల్లని తిత్తులు కనిపిస్తే అది బద్దెపురుగు లక్షణం. ఆ మాంసం తినవద్దు, అమ్మవద్దు.

ఉప్పు నీటిలో నానబెట్టడం

లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల బెల్లం కలపాలి. రెండుగా చీల్చిన కోడిని 6 నుంచి 8 గంటలు, పంది మాంసాన్ని 12 గంటలు ఫ్రిజ్‌లోనే నానబెట్టాలి. తర్వాత తడి తుడిచి ఆరబెట్టాలి, తడి మాంసానికి పొగ సరిగా పట్టదు. రంగు కోసం సూరేకారం, నైట్రైట్ పొడి చేతి అంచనాతో కలపరాదు, మోతాదు మించితే ప్రాణాపాయం.

స్మోకర్, కట్టె

• కింద బొగ్గులు, మధ్యలో నీళ్ల పళ్లెం, పైన స్టీలు జాలీ ఉండాలి. కొవ్వు నిప్పుల మీద పడితే వచ్చే పొగ ఆరోగ్యానికి హాని. ఆ కొవ్వును పళ్లెం పట్టుకుంటుంది.
• పురుగుమందులు, రసాయనాలు నింపిన డ్రమ్ములు ఎంత కడిగినా వాడరాదు.
• బాగా ఎండిన మామిడి, జామ కట్టె ముక్కలు రెండు మూడు చాలు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, గన్నేరు కట్టె అసలు వాడవద్దు.
• పలుచని నీలిపొగ మంచిది. దట్టమైన తెల్లపొగ వస్తే గాలి రంధ్రాలు తెరవండి, లేకపోతే మాంసం చేదెక్కుతుంది.
• బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, మనిషి ప్రాణం తీస్తుంది. వంటగదిలో, మూసిన రేకుల షెడ్డులో స్మోకర్ వెలిగించరాదు.

ఎంత వేడి, ఎంత సేపు

స్మోకర్ లోపల 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ వేడి నిలపాలి. చీల్చిన కోడికి సుమారు 2 నుంచి 3 గంటలు, రెండు కిలోల పంది భుజానికి 6 నుంచి 8 గంటలు పడుతుంది. గడియారం కంటే థర్మామీటర్‌నే నమ్మాలి. ఎముకకు తగలకుండా మందమైన చోట గుచ్చితే కోడికి కనీసం 74, పందికి కనీసం 71 డిగ్రీలు రావాలి. పంది భుజం మెత్తగా విడిపోవాలంటే 90 దాటాలి. మధ్యలో 65, 70 డిగ్రీల దగ్గర వేడి గంటకు పైగా పెరగకుండా ఆగిపోవచ్చు. లోపలి తేమ ఆవిరవడమే అందుకు కారణం. కంగారుపడి మంట పెంచవద్దు.

పొగలోని వాయువుల వల్ల ఉడికిన మాంసం కూడా అంచున గులాబీ రంగులో ఉంటుంది. కాబట్టి రంగును బట్టి ఉడికిందనీ చెప్పలేం, ఉడకలేదనీ చెప్పలేం.

నిల్వ

మన తునకలు నెలల తరబడి నిలవడానికి కారణం వాటిలో తేమ లేకపోవడం. పొగబెట్టిన కోడిలో తేమ అలాగే ఉంటుంది. దాన్ని తునకల్లా దండెం మీద వేలాడదీస్తే పాడవుతుంది. దించిన రెండు గంటల్లో, ఎండాకాలంలో గంటలోపే, ఫ్రిజ్‌లో పెట్టాలి. 5 డిగ్రీల లోపు చల్లదనంలో మూడు రోజుల్లో వాడేయాలి. పచ్చి మాంసం కోసిన కత్తి, పలకలను కడగకుండా వండినదానికి వాడరాదు.

అమ్మే ముందు

ఇంట్లో వాళ్లు తినడం వేరు, అమ్మడం వేరు. అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఉప్పల్ దాటాక బోడుప్పల్ పక్కన చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. మాంస ఉత్పత్తుల తయారీలో అక్కడ శిక్షణ ఇస్తారు. పెట్టుబడి పెట్టే ముందు ఒకసారి వెళ్లి మాట్లాడండి.

స్మోకర్ కొనే రోజే థర్మామీటర్ కూడా కొనండి. మీ మాంసం తిని ఒక్క ఇంట్లో వాంతులు, విరేచనాలు అయినా ఆ కాలనీ మొత్తం మీ దగ్గర కొనడం మానేస్తుంది.